వెస్నాథ్ డెల్టా మ్యాప్‌లో దయ్యాల సైన్యం: పగలు ఎలా నిలబడాలి? వరద రాత్రే రావాలా?

లంకకుర్రాడు (ముమ్మిడివరం వైపు)

అందరికీ నమస్కారం అండి. ఏటిగట్టు అన్న చేసిన దయ్యాల మోడ్ (అసలు ఆటకి ఆటగాళ్ళు చేర్చే మార్పు) దింపుకుని ఆడుతున్నాను. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతా. బ్యాటిల్ ఫర్ వెస్నాథ్ అనేది డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ఉచిత ఆట. ఆరు మూలల గళ్ళు, టర్న్ (వంతు) తర్వాత టర్న్, గోల్డ్ పెట్టి యూనిట్లు (సైనికుల్ని) కొనుక్కోవడం. పాత లాప్‌టాప్‌లో కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. అందులో అన్‌డెడ్ ఫ్యాక్షన్ (చచ్చినవాళ్ళ సైన్యం) ఎప్పటినుంచో ఉంది: స్కెలిటన్ (ఎముకల గూడు), స్కెలిటన్ ఆర్చర్, ఘౌల్ (విషపు గోళ్ళ పిశాచం), డార్క్ అడెప్ట్ (చీకటి మంత్రగాడు), ఘోస్ట్, గబ్బిలం, నడిచే శవం. అన్న వాటిని అలాగే ఉంచి, పైన మన ఊళ్ళ దయ్యాల్ని రెండింటిని చేర్చాడు: లీడర్‌గా బ్రహ్మరాక్షసుడు, మామూలు యూనిట్‌గా కొరివి దయ్యం. మ్యాప్ మన డెల్టాయే. పైన ధవళేశ్వరం, తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం, కోరంగి వైపు మడ అడవి.

చాలా బాగుంది. అందుకే ఇంత రాస్తున్నాను.

నా ఇబ్బంది ఏంటంటే, రాత్రి కష్టపడి గెలుచుకున్న గళ్ళన్నీ పగలు పోతున్నాయి. తెల్లారేసరికి నా స్కెలిటన్లు ఎదుటివాళ్ళ విలేజ్ (ఆదాయం, వైద్యం ఇచ్చే గడి) ముంగిట నిలబడి ఉంటాయి. లాయలిస్ట్స్ (మనుషుల ఫ్యాక్షన్) హెవీ ఇన్‌ఫాంట్రీ (బరువు కవచాల సైనికులు), మేజ్‌లు (మంత్రగాళ్ళు) వచ్చి ఒక్కొక్కదాన్నీ విరగ్గొడతాయి. మళ్ళీ సాయంత్రానికి కొత్తవి కొందామంటే గోల్డ్ ఉండదు. ఈ ఫ్యాక్షన్‌ని పగలు ఎలా ఆడాలి? ఎవరైనా వివరంగా చెప్పండి.

రెండోది, వరద. ధవళేశ్వరం హెచ్చరిక మెసేజ్ వచ్చి నీళ్ళు పెరగడం బాగుంది కానీ, దాని మీద వేరే రాస్తాను.

---

వశిష్ఠతీరం (నరసాపురం)

తమ్ముడూ, పగలు నిలబడకూడదు. అన్‌డెడ్ ఆడేవాళ్ళు మొదట నేర్చుకోవాల్సింది వెనక్కి రావడం.

లెక్క చూడు. ఆటలో రోజుకి 6 టర్నులు: వేకువ, ఉదయం, మధ్యాహ్నం, సంధ్య, మొదటి జాము, రెండో జాము. మనవాళ్ళందరూ కేయాటిక్. రాత్రి రెండు టర్నులూ 25 శాతం ఎక్కువ కొడతారు, ఉదయం మధ్యాహ్నం 25 శాతం తక్కువ. స్కెలిటన్ గొడ్డలి దెబ్బ 7, మూడుసార్లు. రాత్రి అది 9 అవుతుంది, పగలు 5. మూడూ తగిలితే రాత్రి 27, పగలు 15. అదే సమయంలో లాఫుల్ (పగటి పక్షం) అయిన హెవీ ఇన్‌ఫాంట్రీ దెబ్బ పగలు పెరుగుతుంది. పైగా అది ఇంపాక్ట్ (మోదే) దెబ్బ, స్కెలిటన్ దాన్ని తట్టుకోలేదు. కత్తీ బాణం ఎముకల మీద జారిపోతాయి గానీ సుత్తి, నిప్పు, ఆర్కేన్ (మంత్ర శక్తి) మాత్రం గట్టిగా తగులుతాయి. అంటే పగలు నువ్వు రెండు వైపులా నష్టపోతున్నావు.

రెండో జాములో ఇంకో దెబ్బ కొట్టొచ్చని ఆశ పుడుతుంది. అక్కడే ఆట పోతుంది. రెండో జాములో ఎదుటి యూనిట్ కచ్చితంగా చచ్చేలా ఉంటేనే కొట్టు. లేదంటే ఆ టర్నులోనే వెనక్కి నడవడం మొదలుపెట్టు. వేకువ టర్ను కూడా నడకకే. ఉదయం వాళ్ళు వచ్చేసరికి నువ్వు నీ విలేజ్‌ల దగ్గర ఉండాలి.

పగలు ముందు వరసలో ఉండాల్సింది ఘౌల్. అది కొట్టేది తక్కువ, ఓర్చుకునేది ఎక్కువ. గోరు తగిలితే విషం ఎక్కుతుంది. విషం టర్నుకి 8 తింటుంది, 1 దగ్గర ఆగుతుంది. విషం ఎక్కినవాడు విలేజ్‌కి వెళ్ళి విరుగుడు చేయించుకోవాలి, ఆ టర్నులో వాడికి వేరే వైద్యం ఉండదు. ముగ్గురికి విషం ఎక్కిస్తే ముగ్గురు వెనక్కి పోతారు, పగలు వాళ్ళ దాడి అక్కడే సగం చల్లబడుతుంది.

---

కొబ్బరాకు (పాలకొల్లు)

అక్కా, నడిచే శవం ఒక్కోటి 8 గోల్డే కదా. పగలు వాటిని అడ్డం పెట్టి స్కెలిటన్లని కాపాడుకోవచ్చా? నేను కొత్త.

---

వశిష్ఠతీరం (నరసాపురం)

పెట్టొచ్చు, కానీ అవి లెవెల్ సున్నా, వాటికి జోన్ ఆఫ్ కంట్రోల్ (పక్క నుంచి పోయే శత్రువుని ఆపే శక్తి) లేదు. లెవెల్ సున్నా యూనిట్ పక్క నుంచి శత్రువు ఆగకుండా నడిచి వెళ్ళిపోగలడు. వరసలో సందు వదిలావంటే గుర్రం దూరి నీ డార్క్ అడెప్ట్‌ని పొడుస్తుంది. శవాల్ని భుజం భుజం ఆనించి నిలబెట్టాలి. వాటికి అప్‌కీప్ (ప్రతి టర్నుకీ కట్టే పోషణ ఖర్చు) లేదు, చంపినవాడికి అనుభవం కూడా 4 పాయింట్లే వస్తుంది. అంటే వాటిని బలి ఇచ్చినా శత్రువు లెవెల్ పెరిగిపోదు.

శవం బతికున్నవాటిలో దేన్ని చంపితే అది మన శవమై లేస్తుంది. విలేజ్‌లో ఉన్నవాడిని చంపితే లేవదు, అది గుర్తుంచుకో. ఈ మ్యాప్‌లో మంచి అవకాశం ఏంటంటే, మెర్మన్‌ని (నీళ్ళలో ఉండే మత్స్యమానవుణ్ణి) చంపితే ఈదే శవం వస్తుంది. నీళ్ళలో మామూలు శవం కంటే ఎంతో చురుగ్గా కదులుతుంది. వైనతేయ పాయలో అలాంటివి రెండు దొరికాయంటే అవతలి ఒడ్డు విలేజ్‌లు నీవే.

---

ఏటిగట్టు (రాజోలు)

నా మోడ్ గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుతున్నందుకు సంతోషంగా ఉందండీ. లంక తమ్ముడికి ఒక మాట. ఈ మ్యాప్‌ని నేను నీళ్ళ కోసమే గీశాను. స్కెలిటన్‌కి ఒరిజినల్ ఆటలోనే సబ్‌మర్జ్ అనే శక్తి ఉంది. లోతు నీళ్ళలోకి దిగితే పక్క గడిలో ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ కనపడదు. మామూలు మ్యాపుల్లో లోతు నీళ్ళు ఒక మూల ఎక్కడో ఉంటాయి కాబట్టి ఎవరూ ఆ శక్తిని పెద్దగా వాడరు. మన దగ్గర మూడు పాయలు అడ్డంగా ఉన్నాయి. అందుకే పగలు ఎలా గడపాలి అన్న ప్రశ్నకి నా జవాబు: గోదాట్లో గడపాలి.

పాయ అంచు గళ్ళు లోతు లేని నీళ్ళు, నడిమి గడి లోతు. స్కెలిటన్‌కి నడక 5. అంచు గడికి 3 ఖర్చు, లోతు గడికి 4. ఉదయం టర్నులో రేవు గడిలో దిగితే, మధ్యాహ్నం లోతులో ఉంటుంది, సంధ్యకి అవతలి అంచు దాటి ఒడ్డెక్కుతుంది. మొదటి జాముకి శత్రువు మీద పడుతుంది. రేవు గడిలో ఉన్న ఒక్క టర్నూ కనపడుతుంది, జాగ్రత్త. అందుకని దిగే రేవు శత్రువుకి దూరంగా ఉండాలి.

లోతు నీళ్ళలో దొరికిపోతే మాత్రం కష్టం. అక్కడ మనకి డిఫెన్స్ (దెబ్బ తప్పించుకునే శాతం) దాదాపు లేదు.

---

వశిష్ఠతీరం (నరసాపురం)

దొరుకుతుందండీ. నేను లాయలిస్ట్స్ ఆడితే మెర్మన్ ఫైటర్లు ఇద్దరిని కొని పాయ వెంబడి తిప్పుతాను. వాళ్ళ త్రిశూలం పియర్స్ (పొడిచే) దెబ్బ, స్కెలిటన్‌కి సగం కూడా ఎక్కదు. కానీ పక్కకి వస్తే చాలు, అది బయటపడుతుంది, వాళ్ళ జోన్‌లో ఇరుక్కుంటుంది. ఒడ్డు మీంచి మేజ్ నిప్పు వేస్తాడు. మేజికల్ దెబ్బ ఎక్కడైనా 70 శాతం తగులుతుంది.

దీనికి విరుగుడు గబ్బిలాలు. పగలు గబ్బిలం చేసే పని యుద్ధం కాదు, చూపు. పాయ మీద ఎగిరి మెర్మన్ ఎక్కడున్నాడో చూసి చెప్పాలి. 8 గళ్ళు ఎగురుతుంది కాబట్టి దారిలో ఖాళీ విలేజ్‌లు కూడా పట్టుకుంటుంది. ఒక్కో విలేజ్ ఆదాయం ఇవ్వడమే కాకుండా ఒక లెవెల్ అప్‌కీప్ భరిస్తుంది. తమ్ముడికి సాయంత్రానికి గోల్డ్ మిగలకపోవడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది. మొదటి రోజు గబ్బిలం ఒకటి తప్పనిసరి.

---

డ్రేక్‌పక్షం (కాకినాడ)

గబ్బిలం 13 గోల్డ్. స్కెలిటన్ 15. నేను మీ ఎదురు ఆడితే గబ్బిలం కొన్నారంటే సంతోషిస్తాను. నా డ్రేక్ బర్నర్ల (నిప్పు ఊదే డ్రాగన్ జాతి) ముందు మీ స్కెలిటన్లు ఎలాగూ మండిపోతాయి. నేను భయపడేది డార్క్ అడెప్ట్‌కి. వాడి కోల్డ్ (చలి మంత్రం) దెబ్బ డ్రేక్‌కి ఒకటిన్నర రెట్లు పడుతుంది. 16 గోల్డ్ పిల్లాడు, చేతికర్ర కూడా లేనివాడు, రాత్రి నా 20 గోల్డ్ పైన పెట్టి కొన్న డ్రేక్‌ని సగం ఖాళీ చేస్తాడు. దగ్గరకెళ్ళి కొడితే తిరిగి కొట్టలేడు, నిజమే. కానీ దగ్గరకెళ్ళే దారి ఇవ్వరు కదా.

డ్రేక్‌ల మీద అన్‌డెడ్ ఆడేవాళ్ళకి నా సలహా ఇదే: స్కెలిటన్లు తగ్గించి అడెప్ట్‌లు పెంచండి, ముందు ఘౌల్‌ని నిలబెట్టండి.

---

కోరంగి_మాస్టారు (తాళ్ళరేవు)

చాలా మంచి చర్చ జరుగుతోంది. నేను ఆట విషయంలో మీ అంత వాణ్ణి కాను గానీ రెండు దయ్యాల గురించి మాట్లాడాలనుంది.

బ్రహ్మరాక్షసుడిని లీడర్‌గా పెట్టడం ఎంతో సరైన పని. మన కథల్లో వాడు చదువుకున్నవాడు, విద్యని తప్పుదారిలో వాడినవాడు, చచ్చాక రావిచెట్టు పట్టుకుని ఉంటాడు. వెస్నాథ్‌లో డార్క్ అడెప్ట్ ఎదిగి డార్క్ సోర్సరర్, ఆపైన లిచ్ (చచ్చినా నిలిచే మంత్రగాడు) అవుతాడు. వాడూ చదువు కోసం ప్రాణం వదులుకున్నవాడే. కథకీ ఆటకీ ఇంత చక్కగా కుదరడం అరుదు. చెట్ల గళ్ళలో కనపడకుండా ఉండే ఆంబుష్ శక్తి వాడికిచ్చారు, అది కూడా బాగుంది. ఆటలోని చెట్టు మనుషులు వోస్‌లకి ఉన్న శక్తే కదా.

నాకు నచ్చనిది కొరివి దయ్యం. కొరివి దయ్యం గురించి మా వైపు పెద్దవాళ్ళు చెప్పేది, అది పొలాల్లో దూరంగా వెలుగుతూ కనిపిస్తుంది, దగ్గరకి పోతే జరిగిపోతుంది, వెంటపడినవాడు దారి తప్పుతాడు. అంటే అది ఎదురు నిలబడి కొట్టేది కాదు, తిప్పించేది. మోడ్‌లో మాత్రం అది వరసలో నిలబడి నిప్పు విసురుతోంది. ఇది కథ పరంగా నా అభ్యంతరం. ఆట పరంగా ఏమన్నా ఉంటే పెద్దవాళ్ళు చెప్పాలి.

---

వశిష్ఠతీరం (నరసాపురం)

ఆట పరంగా ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది మాస్టారూ. కొన్నాళ్ళుగా చెబుదామనుకుంటున్నదే ఇది.

ఒరిజినల్ అన్‌డెడ్ మామూలు యూనిట్లలో నిప్పు దెబ్బ ఎవరికీ లేదు. అది మర్చిపోయి వదిలేసింది కాదు, కావాలని వదిలిన ఖాళీ. రెబెల్స్ (అడవి జాతి ఎల్ఫ్‌ల ఫ్యాక్షన్) దగ్గర వోస్ ఉంటుంది. చెట్టు మనిషి. 20 గోల్డ్, 52 ప్రాణం, 13 చొప్పున రెండు ఇంపాక్ట్ దెబ్బలు. స్కెలిటన్‌కి యముడు. తనంతట తానే గాయాలు మాన్పుకుంటుంది కాబట్టి ఘౌల్ విషం కూడా నిలవదు. దానికి ఉన్న బలహీనత నిప్పు. అన్‌డెడ్ దగ్గర నిప్పు లేదు గనుకే రెబెల్స్ ఆటలో ఉండగలుగుతారు. అన్‌డెడ్ ఆడేవాడు వోస్‌ని రాత్రి కోసం ఓపిక పట్టి, అడెప్ట్‌లతో చుట్టుముట్టి, మ్యాప్ అంతా వాడి చంపాలి. ఆ ఓపికే ఈ ఫ్యాక్షన్ ఆడటంలో ఉన్న ఆనందం.

ఇప్పుడు కొరివి దయ్యం వచ్చి రెండు నిప్పు దెబ్బలతో ఆ పని చేసేస్తోంది. పైగా ఈ మ్యాప్‌లో వోస్ ముందే నష్టపోయి ఉంది. లోతు లేని నీటి గడికి దాని నడక మొత్తం ఖర్చయిపోతుంది, లోతు నీళ్ళు అసలు దాటలేదు. అన్ని దారుల్లో పాయలున్న మ్యాప్‌లో వోస్‌కి మిగిలిందే ఆ ఒక్క బలం. అదీ తీసేస్తే రెబెల్స్ ఎవరు ఆడతారు?

ఏ ఫ్యాక్షన్‌కైనా ఖాళీలు ఉండాలి. ఖాళీ పూడిస్తే బలం రాదు, రుచి పోతుంది.

---

ఏటిగట్టు (రాజోలు)

అక్కా, ఆ నిప్పుకి నేను ధర పెట్టాను. దానికి ఇల్యూమినేట్స్ శక్తి ఇచ్చాను కదా. అసలు ఆటలో అది మేజ్ ఆఫ్ లైట్ లాంటి లాఫుల్ వాళ్ళకి ఉండే శక్తి. దాని పక్క గళ్ళలో వెలుతురు ఒక మెట్టు పెరుగుతుంది. రాత్రి అయినా పక్కన సంధ్యలా ఉంటుంది. అంటే కొరివి దయ్యం పక్కన నిలబడ్డ నా స్కెలిటన్ రాత్రి 25 శాతం లాభం పోగొట్టుకుంటుంది, ఎదుటివాడికి రాత్రి నష్టం తప్పుతుంది. నిప్పు కావాలంటే చీకటి వదులుకోవాలి. అది చూసే గంటలు గంటలు కూర్చుని రాశాను.

---

డ్రేక్‌పక్షం (కాకినాడ)

నాకైతే కొరివి దయ్యంతో ఏ బాధా లేదు. డ్రేక్‌లకి నిప్పు సగమే తగులుతుంది. దాని వెలుగులో నా డ్రేక్‌లు రాత్రి కూడా మామూలుగా కొడతాయి. మీరు తెస్తే నాకే లాభం.

---

వశిష్ఠతీరం (నరసాపురం)

అదే నేను చెప్పేది. డ్రేక్‌ల మీద ఎవరూ కొనరు, రెబెల్స్ మీద అందరూ కొంటారు. ఇల్యూమినేట్స్ పెట్టిన ఆలోచన నాకు నచ్చింది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ తెలిసినవాళ్ళు దాన్ని వరస చివర ఒంటరిగా పెట్టి, వోస్‌కి అవతలి పక్కన నిలబెడతారు. దూరం నుంచి విసిరే దెబ్బ కాబట్టి వోస్ తిరిగి కొట్టలేదు. మిగతా స్కెలిటన్లు దాని వెలుగు పడని గళ్ళలో ఉంటాయి. ధర కట్టకుండానే సరుకు వచ్చేసింది.

---

కొబ్బరాకు (పాలకొల్లు)

లెవెల్ సున్నా చేస్తే? జోన్ ఉండదు, బలహీనంగా ఉంటుంది.

---

ఏటిగట్టు (రాజోలు)

లెవెల్ సున్నా అయితే అప్‌కీప్ కూడా ఉండదు తమ్ముడూ. అరడజను కొని పడేస్తారు. అది ఇంకా ప్రమాదం.

మాస్టారు చెప్పిన కథ నా మనసులో తిరుగుతోంది. వెంటపడినవాడు దారి తప్పాలి. నిప్పు దెబ్బ తీసేసి, దాని బదులు స్లో పెడితే? ఆ దెబ్బ తగిలినవాడి నడకా దెబ్బా సగానికి పడిపోతాయి. కొరివి దయ్యం చంపదు, ఆపుతుంది. వోస్ చావదు గానీ రాత్రి రెండు టర్నులూ దాని చేయి సగమే ఆడుతుంది. వెలుతురు శక్తి ఉంచుతాను. దానికి స్కర్మిషర్ కూడా ఇస్తే శత్రువుల జోన్‌లో ఇరుక్కోకుండా జరిగిపోతుంది.

---

కోరంగి_మాస్టారు (తాళ్ళరేవు)

ఇది కొరివి దయ్యం!

---

వశిష్ఠతీరం (నరసాపురం)

స్లో ఒప్పుకుంటాను. స్కర్మిషర్ కూడా సరే. అయితే ప్రాణం ఘోస్ట్ కంటే ఎక్కువ ఉండకూడదు, అంటే 18 దాటొద్దు. ఘోస్ట్‌కి ఉన్నట్టు సగం దెబ్బలు తట్టుకునే గుణం దీనికి వద్దు. బాణం వేసే ఎల్ఫ్ ఒకడు దొరికించుకుంటే పోవాలి. అప్పుడు రెబెల్స్ వాళ్ళకి కూడా దాన్ని వెంటాడే ఆట ఉంటుంది.

---

లంకకుర్రాడు (ముమ్మిడివరం వైపు)

అక్క చెప్పినట్టు రెండో జాములో వెనక్కి తిరగడం మొదలుపెట్టాను. తేడా ఉంది, మధ్యాహ్నానికి నా స్కెలిటన్లు బతికే ఉంటున్నాయి. గోదాట్లో దాచడం ఇంకా సరిగా పట్టుబడలేదు. థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా.

ఇప్పుడు వరద సంగతి. ఇది కొంచెం పెద్దగా రాస్తాను, తప్పుగా అనుకోకండి.

మాది లంక ఊరు. 2022 జూలైలో ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక దాటి నీళ్ళు వచ్చినప్పుడు మా వాళ్ళం పశువుల్ని తోలుకుని గట్టు మీదికి చేరాం. వంట సామాను, పుస్తకాలు అటక మీద పెట్టి వచ్చాం. పాలు, మంచినీళ్ళు పడవల మీద వచ్చేవి. మోడ్‌లో మెసేజ్ వస్తుంది కదా, ‘మొదటి ప్రమాద హెచ్చరిక, 10 లక్షల క్యూసెక్కులు’, తర్వాత 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఆ అంకెలు మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆటలో ఆ మెసేజ్ చూడగానే నాకు గుండె దడ వచ్చింది. ఆ తర్వాత నా స్కెలిటన్లు మునిగిన లంక మీద నడిచి విలేజ్‌లు పట్టుకుంటుంటే, విలేజ్ మీద మా పక్క ఊరి పేరు ఉంది. అది నాకు నచ్చలేదు.

వరద తీసేయమని అనను. వరద లేకుండా మన డెల్టాని గీస్తే అది మన డెల్టా కాదు. నాకు కావలసింది రెండే. నిజం ఊళ్ళ పేర్లు తీసేయండి. నీళ్ళు వచ్చినప్పుడు ఎదుటివాళ్ళకి పారిపోయే చోటు ఇవ్వండి. మాకు గట్టు ఉంది. మ్యాప్‌లో గట్టు కేవలం గీతలా ఉంది.

---

డ్రేక్‌పక్షం (కాకినాడ)

నేనైతే వరద మొత్తం తీసేయాలంటాను. మనవాళ్ళ కష్టం దయ్యాల ఆయుధం కాకూడదు. 1996 నవంబరు తుఫాను గురించి మా అమ్మమ్మ ఇప్పటికీ గట్టిగా మాట్లాడదు. నీళ్ళంటే మనకి ఆట కాదు.

---

కోరంగి_మాస్టారు (తాళ్ళరేవు)

బాబూ, నీ బాధ అర్థమైంది. మా కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుఫానులో సముద్రం పొంగి తుడిచిపెట్టుకుపోయింది. ఆ మాట మా బడిలో పిల్లలకి చెప్పినప్పుడల్లా ఊరు ఎక్కడుండేదో చూపించమంటారు. చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే నాకు ఇలాంటి మ్యాప్ అంటే ఇష్టం. పిల్లవాడు గౌతమి ఎటు పోతుందో, వైనతేయ వశిష్ఠ నుంచి చీలుతుందని, కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసింది ఎక్కడో, ఆడుతూ తెలుసుకుంటాడు. నీళ్ళు ఎటు నుంచి వస్తాయో, ఎటు పరిగెత్తాలో కూడా తెలుసుకుంటే మంచిదే.

ఊళ్ళ పేర్లు మాత్రం తీసేయాలి. లంక అబ్బాయి చెప్పింది న్యాయం.

---

వశిష్ఠతీరం (నరసాపురం)

నేను ఆట న్యాయం గురించి ఒకటి అడుగుతాను. వరద మూడు మెట్లూ ఎప్పుడు వస్తున్నాయో చూశారా? 5, 11, 17 టర్నుల్లో. మూడూ మొదటి జామే. ఆరు టర్నులకోసారి వస్తే రోజులో అదే వేళకి వస్తుంది, తప్పదు. అంటే ప్రతిసారీ మనుషుల సైన్యం చీకట్లో, నీళ్ళలో, 20 శాతం డిఫెన్స్‌తో నిలబడి ఉంటుంది. అప్పుడే దయ్యాలకి 25 శాతం ఎక్కువ బలం. హెవీ ఇన్‌ఫాంట్రీ నీళ్ళలో టర్నుకి ఒక్క గడి. ఎవడు తప్పించుకుంటాడు? మూడో హెచ్చరిక తర్వాత అన్‌డెడ్ ఓడిపోయిన ఆట నేను చూడలేదు.

వరదని 5 టర్నులకోసారి పెట్టండి. 4, 9, 14. మొదటిది సంధ్యకి, రెండోది మధ్యాహ్నం, మూడోది ఉదయం. నీళ్ళు పెరిగేకొద్దీ వెలుతురు మనుషుల పక్షానికి వస్తుంది. అప్పుడు అన్‌డెడ్ ఆడేవాడు కూడా ఆలోచించాలి: పగలు వచ్చిన నీళ్ళని దాక్కోవడానికి వాడాలా, రాత్రి కోసం ముందుకి జరగడానికి వాడాలా అని.

---

ఏటిగట్టు (రాజోలు)

రాత్రంతా ఇదే చేస్తూ కూర్చున్నాను. కొత్త వెర్షన్ పెట్టాను, దింపుకోండి.

ఊళ్ళ పేర్లన్నీ తీసేశాను. ధవళేశ్వరం, పాయల పేర్లు, కోరంగి మడ అడవి మాత్రం ఉన్నాయి.

వరద 4, 9, 14. ప్రతి హెచ్చరికా నీళ్ళు పెరగడానికి ఒక టర్ను ముందే వస్తుంది, కదలడానికి సమయం ఉంటుంది. మొదటి మెట్టులో ఒడ్డు గళ్ళు చిత్తడి అవుతాయి. రెండో మెట్టులో లంకలు లోతు లేని నీళ్ళు. మూడో మెట్టుకి గట్లు, ధవళేశ్వరం కోట, కొన్ని దిబ్బలు తప్ప అన్నీ నీళ్ళే. విలేజ్‌లు మాయమవ్వవు, నీటి విలేజ్‌లవుతాయి. 20వ టర్ను నుంచి నీళ్ళు తీస్తాయి.

గట్టు ఇప్పుడు నిజమైన గట్టు. గట్టు మీద నిలబడ్డ బతికున్న యూనిట్‌కి టర్నుకి 4 ప్రాణం వస్తుంది, డిఫెన్స్ కొండ మీద ఉన్నట్టు. దయ్యాలకి ఆ వైద్యం లేదు. లంక తమ్ముడు అడిగింది ఇదే అనుకుంటున్నాను.

కొరివి దయ్యం మార్చాను. నిప్పు లేదు, స్లో ఉంది, స్కర్మిషర్ ఉంది, వెలుతురు ఉంది, ప్రాణం 17. మడ అడవి గళ్ళని చిత్తడి, అడవి రెండూ కలిపి చేశాను. నడకకి రెండింట్లో కష్టమైనదే లెక్క. బ్రహ్మరాక్షసుడు అందులో కూడా దాక్కోగలడు.

కాకినాడ తమ్ముడూ, వరద తీసేయలేదు. నీ మాట పక్కన పెట్టలేదు. మ్యాప్ మొదలుపెట్టేటప్పుడు వరద వద్దు అని ఎంచుకునే సెట్టింగ్ పెట్టాను. వద్దనుకున్నవాళ్ళు ఆడొచ్చు.

---

డ్రేక్‌పక్షం (కాకినాడ)

సరే అన్నా. నేను వరద లేకుండానే ఆడతాను. సెట్టింగ్ పెట్టినందుకు థాంక్స్.

---

లంకకుర్రాడు (ముమ్మిడివరం వైపు)

కొత్త వెర్షన్ ఆడాను అన్నా. మూడో హెచ్చరికకి నా ఎదురు ఆడిన వాళ్ళు అందరూ గట్టెక్కి వరసగా నిలబడ్డారు. నా స్కెలిటన్లు కింద నీళ్ళలో, వాళ్ళు పైన. ఆ పగలు నేను వాళ్ళని కదపలేకపోయాను, రాత్రి అడెప్ట్‌లు వచ్చాకే ఒక చోట గట్టు మీది వాళ్ళ వరస తెగింది. చాలా మంచి ఆట. ఓడిపోయినా బాగుంది.

ఒక అనుమానం. గన్నవరం అక్విడెక్టు గడి ఉంది కదా, వైనతేయ మీద. దాని కింద నుంచి స్కెలిటన్ పోగలదా? పైన శత్రువు నిలబడితే ఆ గడి మూసుకుపోతోంది.

---

ఏటిగట్టు (రాజోలు)

వంతెన గడిలో ఒక్క యూనిట్టే ఉండగలదు తమ్ముడూ, పైన ఒకడు కింద ఒకడు కుదరదు, ఆట నియమం. పైగా వంతెన మీద నిలబడ్డవాడు పక్క గళ్ళ నీళ్ళలో ఉన్నవాణ్ణి చూసేస్తాడు. అందుకే అక్విడెక్టు పట్టుకున్నవాడికి పాయ మీద కాపలా దొరికినట్టే. రెండు గళ్ళు కిందికి పోయి దాటు. లేదా అక్కడికి ఘోస్ట్‌ని పంపు. అది నీళ్ళ మీదుగా పోగలదు, నడక 7, కత్తి దెబ్బ సగమే తగులుతుంది, కొట్టినప్పుడల్లా ఎదుటివాడి ప్రాణం తాగి నిలబడుతుంది.

---

కొబ్బరాకు (పాలకొల్లు)

శనివారం రాత్రి 9కి అందరం కలిసి ఆడదామా? నేను అన్‌డెడ్ తీసుకుంటాను. మొదటిసారి మనుషుల మీద ఆడటం, టెన్షన్‌గా ఉంది.

---

వశిష్ఠతీరం (నరసాపురం)

రా తమ్ముడూ. నేను లాయలిస్ట్స్ ఆడతాను, మెర్మన్‌లని మొదటి టర్నులోనే కొంటాను, ముందే చెబుతున్నా. మొదట గబ్బిలం ఒకటి, ఘౌల్ ఒకటి కొను. మిగతా గోల్డ్ నా యూనిట్లు కనపడ్డాక ఖర్చు పెట్టు. రెండో జాములో వెనక్కి తిరగాలా వద్దా అని అనుమానం వస్తే ఆట ఆపి అడుగు, ఎదుటి పక్షమైనా చెబుతాను.

---

కోరంగి_మాస్టారు (తాళ్ళరేవు)

నేను ఆడను గానీ చూస్తాను. అబ్జర్వర్‌గా చేరడం ఎలాగో ఎవరైనా చెప్పండి.

---

ఏటిగట్టు (రాజోలు)

మాస్టారూ, మల్టీప్లేయర్ లాబీలో మా ఆట కనిపిస్తుంది, దాని మీద అబ్జర్వ్ నొక్కండి. మోడ్ ముందుగా దింపుకుని ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వదు. మీ దగ్గరా నా దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి కాబట్టి శుక్రవారం లోపు ఒకసారి చూసుకోండి.